మందరాజ్యాధిపతి మేషవిజయం

మధురఫలసీమలలో మకుటాయమానమైన నూజివీడు ప్రాంతంలో, రసాల కాపు దిగిపోయి, లారీలు వెళ్ళిపోయి, కోతకూలీల కేకలు సద్దుమణిగి, నెలల తరబడి బరువు మోసిన మామిడిచెట్లు పురుడు పోసుకున్న తల్లుల్లా నీరసంగా నిలబడ్డ ఆషాఢమాసాన, కాలువలకు నీళ్ళు వదలగానే దిగువన ఉంగుటూరు పొలాల్లో కాలు మోపే చోటు కరువై గొర్రెలమందలు మెరక తోటలవైపు ఎగబాకే ఆ రుతుసంధిలో, ఆగిరిపల్లికి అల్లంత దూరాన, రెండు తోటల నడుమ సాగే ఒక మట్టిడొంకలో, ఎండ వాలి నీడలు సాగే వేళ, ఒక మహాసంగ్రామం జరిగింది.

ఏ పేపరూ రాయలేదు. ఏ చానలూ చూపలేదు. పాలకేంద్రానికి వెళ్ళేవాళ్ళు బళ్ళు ఆపి చూసి, హారన్లు కొట్టి, విసుక్కుని వేరే దారిన పోయారు. చరిత్రకు ఇంతటి అన్యాయం జరిగింది కనుక ఆ వీరగాథను ఇక్కడ చెప్పక తప్పదు. ఇందులో రక్తపాతం లేదు. పెయింటుపాతం ఉంది. గుండె నిబ్బరం లేనివారు ఇక్కడే ఆగవచ్చు.

మొదటి పక్షాన నిలిచిన మహావీరుడు లక్ష్మీనరసింహారావు. ఏభై దాటిన గృహస్థు. పేరుకు ఎనిమిదెకరాల మామిడితోటకు వారసుడు. కాని అతని అసలు సామ్రాజ్యం చొక్కా జేబులో ఉంది. సెల్‌ఫోన్లో ‘మందరాజ్యం’ అనే ఆట. ఆ ఆటలో అతను శ్వేతప్రాకారపరివేష్టిత మహాదొడ్డికి ఏకచ్ఛత్రాధిపతి, అసంఖ్యాక మేషసంతతికి పోషకుడు, ఊర్ణాధనకుబేరుడు. ఊర్ణ అంటే ఉన్నే. వీరగాథ కాబట్టి అలా అనవలసి వచ్చింది.

మందరాజ్యంలో గొర్రె చతురస్రంగా ఉంటుంది. వేలితో ఒకసారి నొక్కితే ఉన్ని రాలుతుంది. రెండుసార్లు నొక్కితే దాని నెత్తిమీద ఎర్రని గుండె ఒకటి ఎగురుతుంది, ఇక జన్మంతా యజమాని వెంటే. గడ్డిమోపు చేతబట్టి వెనక్కి నడిస్తే లోకంలోని గొర్రెలన్నీ బారులు తీరి వస్తాయి. దొడ్డిలో పెట్టి తలుపు మూస్తే సరి. వాటికి మేతకు పోయే పని లేదు. ఎండ లేదు, వాన లేదు, గిట్టల్లో పుండు లేదు. కంచె కట్టినవాడు నాగరికుడు. కంచె లేనివాడు శత్రువు. ఆ లోకానికి అదే ధర్మశాస్త్రం.

ఆ శత్రువు పేరు సంచారమూక. నల్లకంబళ్ళు కప్పుకుని, కొండల అవతలినుంచి ధూళి రేపుతూ, డప్పులు మోగిస్తూ వస్తుంది. ఎక్కడ పుట్టిందో, ఏం వండుకు తింటుందో, ఎందుకంత కోపంగా ఉందో ఆట చెప్పదు. ఆ ఆట తయారుచేసినవాడు ఏ పదో అంతస్తులోనో ఏసీలో కూర్చుని, గొర్రెను పలావులో తప్ప ఎరగనివాడై ఉండాలి. మూక కనబడగానే తెరలోంచి ఒక గంభీరకంఠం డబ్బింగు తెలుగులో ఘోషిస్తుంది:

“ప్రభూ! సంచారమూక సంప్రాప్తించినది! ద్వారబంధనము గావింపుడు!”

ఆ ఘోష వినబడిన మరుక్షణం తలుపు మూసినవాడు బతుకుతాడు. కన్నుమూసి తెరిచేంత జాగు చేసినవాడి దొడ్డి బూడిద. లక్ష్మీనరసింహారావు బొటనవేలు ఈ విద్యలో ఎంత ఆరితేరిందంటే, నిద్రలో కూడా తలుపులు మూసేది. అంతేకాదు, ఆ డబ్బింగు భాష అతని నాలుకకు అంటుకుంది.

“మాతా! కాఫీ సంప్రాప్తమగునా?” అంటాడు పొద్దున్నే.

“గ్లాసు కడుక్కునొచ్చి పోసుకో” అంటుంది మాత.

ఆ మాత వెంకాయమ్మ. డెబ్బై దాటినా తోటలో ఏ చెట్టుకు ఏ కొమ్మ ఎండిందో మంచం మీదనుంచే చెప్పగల మహారాజ్ఞి. రెండేళ్ళుగా ఆమె మనసు కుతకుతలాడుతోంది. కారణం ఒక్కటే. కాపు దిగాక తోటలో మంద కట్టించలేదు.

మంద కట్టించడమంటే తెలియనివారికి రెండు ముక్కలు. దేశం మీద తిరిగే గొర్రెలమందను పిలిచి, రాత్రికి తోటలో దింపుతారు. కాపర్లే వల తెచ్చి చుట్టూ కడతారు. మంద రాత్రంతా చెట్ల మొదళ్ళలో పడుకుని, తనకు సహజంగా వచ్చిన పని చేసి, తెల్లారి మేతకు పోతుంది. మర్నాడు వల పక్క వరసకు మారుతుంది. అలా తోటంతా. ఆ ఎరువుకు సాటి లేదని ఆ ప్రాంతంలో పసిపిల్లలకు కూడా తెలుసు. మందరాజ్యాధిపతికి మాత్రం తీరిక దొరకలేదు. ఒక ఏడు కాపరి ఫోన్ చేసినప్పుడు దొడ్డి ముట్టడిలో ఉంది. మరుసటి ఏడు ముట్టడి మరీ ఘోరంగా ఉంది.

ఈ ఏడు కాపు సగానికి పడిపోయింది. చివరి లారీ కదిలిన రోజున వెంకాయమ్మ తోటలోని ఇంటి అరుగు మీద కూర్చుని, కొడుకుని పిలిచి, కురుసభలో కూడా వినబడనంత భీషణమైన ప్రతిజ్ఞ చేసింది.

“ఒరే నరసింహం! ఆ ఫోన్ కింద పెట్టి విను. పల్నాడు చిన్నరాయప్పతో నేనే మాట్లాడాను. మంద తీసుకొస్తానన్నాడు. అది మన తోటలో దిగిందా, సరే. దిగలేదా, ఎదురు తోట రాఘవయ్యకు మన తోట కౌలుకిచ్చేస్తాను. మీ నాన్న మీద ఒట్టు. ఆ తర్వాత నువ్వు ఆ ఫోన్లోనే ఎన్ని ఎకరాలు కావాలంటే అన్ని ఎకరాలు చేసుకో. నేనడగను.”

లక్ష్మీనరసింహారావు ముఖం మామిడితాండ్రలా నల్లబడింది. తోట కౌలుకు పోవడమంటే రేపటినుంచి తన చెట్టు కింద తన మంచం వేసుకోవడానికి రాఘవయ్యను అడగాలి. రాఘవయ్య అంటే వరసకు బావ. నోరు తెరిస్తే ఎద్దేవా. అడగకుండానే ఎద్దేవా చేసేవాడు, అడిగితే ఊరుకుంటాడా?

వీరుడు లేచాడు. ఫోన్ జేబులో పెట్టాడు. “మాతా! నీ యానతి శిరోధార్యము!” అన్నాడు. అని, తనకు తెలిసిన ఏకైక గొర్రెలశాస్త్రం ప్రకారం, మంద కోసం కంచె కట్టాడు.

అక్కడే దెబ్బ తిన్నాడు.

ఆ తోటకు డొంకవైపు విశాలమైన కంత ఒకటి ఉండేది. ట్రాక్టరు పోయేంత దారి. ముళ్ళకంప అడ్డం పెడితే మూత, లాగేస్తే దారి. మన వీరుడు ఆ కంప తీసి తగలబెట్టించి, దాని స్థానే సరుగుడు కర్రలు పాతించి, అడ్డచెక్కలు కొట్టించి, నడుమ ఒక్క గొర్రె పట్టేంత చిన్న గేటు పెట్టించి, మందరాజ్యంలో ఉన్నట్టే ధగధగలాడే తెల్లని ఎనామిల్ పెయింటు వేయించాడు. తనివి తీరక, మంద వస్తుందన్న రోజు మధ్యాహ్నం తనే బ్రష్ పట్టి ఇంకో పూత వేశాడు. లోపల నీలిరంగు నీళ్ళతొట్టి కూడా పెట్టాడు.

డొంక అవతలినుంచి రాఘవయ్య చూశాడు. “బావా, ఎవరి పెళ్ళికి ఈ పందిరి?”

“ఇది మేషశాల.”

“ఓహో. శుభలేఖలు పొట్టేళ్ళకు పంచావా? నాకు కూడా ఒకటి పడెయ్. విందులో పలావు ఉంటే వస్తా.”

వీరుడు బ్రష్ ముంచి ఇంకో చెక్కకు పూశాడు.

ఇక సంగ్రామసమయం ఆసన్నమైంది. ఎండ వాలింది. వీరుడు గేటు తెరిచిపెట్టి, లోపల మంచం వేసుకుని, మంద వచ్చేలోపు ఒక్క పావుగంట అనుకుంటూ మందరాజ్యంలో ప్రవేశించాడు. పావుగంట గడిచింది. తూర్పున డొంకలో దుమ్ము లేచింది. గంటలు మోగాయి. కుక్క మొరిగింది. ఎవరో రేకుడబ్బా మీద కర్రతో కొడుతున్నారు. వీరుడు తలెత్తి చూశాడు. ధూళి. ధూళిలో నల్లకంబళి. చేతిలో పొడవైన కర్ర.

మెదడు వద్దని చెప్పేలోపే కాళ్ళు లేచాయి.

“సంచారమూక! ద్వారబంధనము! ద్వారబంధనము!”

పిడుగులా ఉరికి, గేటును ధడాలున మూసి, గడియ బిగించి, దానికి వీపు ఆనించి, రెండు చేతులూ బార్లా చాచి నిలబడ్డాడు. మహాయుద్ధాలలో మహాద్వారాలు మూసిన యోధులెందరో ఉన్నారు. తాము కబురు పెట్టి పిలిపించుకున్న గొర్రెల ముఖాన మూసినవాడు ఇతనొక్కడే.

“ఒరేయ్!” అరుగు మీదనుంచి వెంకాయమ్మ కంఠం చెట్ల మీది కాకుల్ని లేపింది. “మనం పిలిచిన మందరా అది!”

వీరుడికి తెలివొచ్చింది. గేటునుంచి విడివడబోయాడు. వీపు రాలేదు. కిందిభాగం అసలే రాలేదు. ఎనామిల్ పచ్చిగా ఉంది. బలంగా లాగితే చర్రుమన్న శబ్దంతో ఊడి వచ్చాడు గాని, కావిపంచె వెనకభాగాన నిండుచంద్రుణ్ణి తలదన్నే తెల్లని వృత్తం అచ్చుపడిపోయింది. పెయింటు పీల్చుకున్న గేటు మాత్రం సగమే తెరుచుకుంది.

ధూళి అణిగింది. మంద డొంక నిండా నిలబడింది. కంబళి కప్పుకున్న చిన్నరాయప్ప, రేకుడబ్బా పట్టుకున్న అతని భార్య హన్నా, ముందుకొచ్చారు.

“ఏందయ్యా, మమ్మల్ని చూసి తలుపేస్తన్నారు?” అన్నాడు చిన్నరాయప్ప. “అమ్మగారు రమ్మంటేనే గదా వచ్చింది.”

“పొరబాటు... పొరబాటు సంభవించినది. లోనికి దయచేయుడు.”

“మేం దయచేస్తాం సామీ. ఆయన దయచెయ్యాల గదా.” చిన్నరాయప్ప కర్రతో చూపించాడు.

అప్పుడు కనబడ్డాడు రెండో పక్షపు మహావీరుడు. మంద అగ్రభాగాన, వక్రవిషాణద్వయ విరాజితుడై, ధూళిధూసరిత గంభీరకంఠుడై, మెడలో ఇత్తడి గంటతో, గెలిచిన అభ్యర్థి ఊరేగింపులో నిలబడ్డంత నిబ్బరంగా నిలబడి ఉన్నాడొక పొట్టేలు. ఆ మేషేంద్రుణ్ణి కాపర్లు ‘ప్రెసిడెంటు’ అని పిలుస్తారు. అతను ఎటు నడిస్తే మందంతా అటు. అతను ఆగితే మందంతా ఆగుతుంది. ప్రెసిడెంటు ఆ తెల్లని చిన్న గేటు చూశాడు. ముక్కు దగ్గరగా పెట్టి ఎనామిల్ వాసన చూశాడు. గట్టిగా తుమ్మాడు. నాలుగు కాళ్ళూ నేలలో నాటినట్టు నిలబడిపోయాడు.

“తోలవయ్యా” అన్నాడు లక్ష్మీనరసింహారావు.

“తోలితే మంద చెదురుద్ది. ఆయనంతట ఆయనే పోవాల. ఏడ కూలబడి నెమరేస్తే ఆడే ఈ పూట దిగుడు. నెమరేసేదాన్ని లేపి ఇంకో తోటకి తోలం. అది మా కట్టుబాటు.”

“అమ్మకు మాటిచ్చారు కదా!”

“మేమిచ్చాం. ప్రెసిడెంటు ఇయ్యలా.”

ఈ మాట డొంక అవతల చెవిన పడింది. రాఘవయ్య ఒక్క గెంతులో వెళ్ళి తన తోట కంతకు అడ్డమున్న ముళ్ళకంప లాగి అవతల పారేశాడు. విశాలమైన దారి. చల్లని నీడ. చేతిలో గొర్రెలు ప్రాణం పెట్టే పచ్చని సుబాబుల్ కొమ్మ.

“రావయ్యా ప్రెసిడెంటూ! పెళ్ళిళ్ళకు తర్వాత పోదువు గాని. ఇది మన ఇల్లే!”

ప్రెసిడెంటు చెవి ఒకటి అటు తిరిగింది.

అరుగు మీద వెంకాయమ్మ లేచి నిలబడింది. ఆ నిలబడడమే వీరుడి గుండెలో బల్లెమై దిగింది.

అప్పుడతను ఆయుధాలు తీశాడు. మొదటిది తృణాస్త్రం. పచ్చగడ్డి మోపు రెండు చేతులా పట్టి, ప్రెసిడెంటు ముఖం ముందు ఊపి, శాస్త్రోక్తంగా వెనక్కి వెనక్కి నడిచాడు. లోకంలోని గొర్రెలన్నీ బారులు తీరి రావలసిన ఘట్టమిది. ప్రెసిడెంటు మెడ చాచాడు. మోపు లాక్కున్నాడు. ఉన్నచోటే నిలబడి, తొందర లేకుండా, ఆఖరి పోచ దాకా నమిలాడు. వీరుడు అతని నెత్తిమీద ఎర్రని గుండె కోసం చూశాడు. ఒక ఈగ ఉంది.

రెండోది అంగుళ్యస్త్రం. వీరుడు దగ్గరకు పోయి, చూపుడువేలితో ప్రెసిడెంటు నుదుటి మీద టకటకా రెండుసార్లు నొక్కాడు.

“బావా, సెట్టింగ్సులోకి పోయి చూడు!” అన్నాడు రాఘవయ్య. “స్విచ్చాఫ్ చేసి మళ్ళీ ఆన్ చెయ్యి!”

మూడోది వాగస్త్రం. వీరుడు మూడడుగులు వెనక్కి వేసి, ఉత్తరీయం లేదు గనక తువ్వాలు సవరించుకుని, దిక్కులు పిక్కటిల్లేలా ఎలుగెత్తాడు.

“ఓయీ మేషకులతిలకా! వక్రవిషాణభూషణా! పల్నాటిగడ్డ పుట్టినిల్లుగా, కృష్ణాతీరము మెట్టినిల్లుగా, ఊరూర గరికనెల్ల హరించి వచ్చిన దీర్ఘయాత్రాధురంధరా! కనులు విప్పి చూడుము! నీకై లేచిన శ్వేతప్రాకారమిదె! నీకై నిండిన నీలజలకుండమిదె! ఒక్క అడుగు! ఒక్కటంటే ఒక్క అడుగు లోనికి వేయుము! ఈ అడుగుపై నా తోట బతుకు, నా ఇంట నా మాటకు మిగిలిన ఆ కాస్త విలువ, రెండును ఆధారపడి యున్నవి!”

“బ్హే” అన్నాడు ప్రెసిడెంటు.

“ఏమంటన్నాడే బాబుగారు?” చిన్నరాయప్ప భార్యను అడిగాడు.

“రమ్మంటన్నాడు.”

“మరట్టా అనొచ్చుగా.”

యుద్ధం స్తంభించింది. ఎవరి శిబిరంలో వాళ్ళు నిలబడ్డారు. హన్నా గట్టు మీద కూలబడి, కొంగులోంచి ఫోన్ తీసి, అరుగువైపు కేకేసింది. “అమ్మగారూ, ఇది కాస్త చార్జింగు పెట్టుకోనిస్తారా? దారిలో ఏడా దొరకలా.”

ఫోన్లోంచి ఒక గంభీరకంఠం వినబడింది. “ప్రభూ! సంచారమూక...”

లక్ష్మీనరసింహారావు ఉలిక్కిపడ్డాడు. “మందరాజ్యమా! నువ్వాడతావా?”

“ఆడతానండీ.” హన్నా బొటనవేలితో చకచకా ఏదో మూసేసింది. “నాది రాతికోట. నలభై దొడ్లు.”

వీరుడిది చెక్కకంచె దగ్గరే ఆగింది. “అంటే... నువ్వు ఆటలో స్థిరనివాసివా?”

“బైట ఎట్టాగూ తిరగతానే ఉంటిమి. అందులో గూడా తిరగాల్నా? హాయిగా ఒకచోట పడుంటాను.”

“మరి సంచారమూక వస్తే?”

“తన్ని తరమతానండీ. రోజూ.”

“ఆ కంబళోళ్ళలో పెద్దాయన అచ్చం మా నాయన మాదిరే ఉంటాడు” అన్నాడు చిన్నరాయప్ప. “ఈమె ముందుగా కొట్టేది ఆయన్నే. నేను చూడకుండా పక్కకి తిరగతా.”

“మీవాళ్ళని అట్లా దొంగలుగా చూపిస్తే కోపం రాదా?” ఈసారి వీరుడు మామూలు తెలుగులోనే అడిగాడు.

“వాళ్ళు మావోళ్ళెట్టయితారు బాబుగారూ? వాళ్ళెనక ఒక్క గొర్రె గూడా ఉండదు, మీరు చూళ్ళా? గొర్రెల్లేనోడు ఊరూరా ఎందుకు తిరగతాడు? వాడు దొంగే.” హన్నా ఫోన్ అరుగు మీద పెట్టొచ్చింది. “ఇంకో ఆటుంది. అందులో తిరిగేవోళ్ళని మంచోళ్ళుగా చూపిత్తారు. మగోళ్ళు గుర్రాలెక్కి, ఆడోళ్ళు పూలు పెట్టుకుని, పచ్చిక మీద పాటలు పాడతా పోతా ఉంటారు. ఒక్కళ్ళకీ కాల్లో ముల్లు గుచ్చదు. వాన పడితే తడవరు. నాలుగు రోజులాడి తీసేశా. నవ్వాగలా.”

వెంకాయమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే చూపు డొంక మీదికి తిప్పి, నవ్వు ఆపేసింది.

ప్రెసిడెంటు కదిలాడు.

ఎటు? రాఘవయ్యవైపు. ఒక్క అడుగు. సుబాబుల్ కొమ్మవైపు ముక్కు చాచి ఇంకో అడుగు. వెనకనున్న మంద నీటివాలులా అటు ఒరిగింది. రాఘవయ్య కొమ్మ ఊపుతూ, పెళ్ళికూతుర్ని లోపలికి పిలిచే అత్తగారిలా, మెత్తగా, తియ్యగా పిలుస్తున్నాడు. “రా నాయనా. రా అమ్మా. కాలు జాగ్రత్త.”

“ఒరే నరసింహం!” వెంకాయమ్మ గర్జించింది. “ఆ దిక్కుమాలిన తెల్ల కంచె పీకరా ముందు! దారి ఇవ్వరా! ట్రాక్టరు పోయే కంతను బొక్క చేసి పెడితే గొర్రెలెట్లా వస్తాయిరా, ఎలుకలా అవి?”

ఆ క్షణాన వీరుడి హృదయంలో జరిగిన ఘోరయుద్ధాన్ని వర్ణించడానికి వేయి నాలుకలు చాలవు. ఒకవైపు కన్నతోట. మరోవైపు, స్వహస్తలేపిత శ్వేతప్రాకారం. ఆటలో కంచె పడిపోయినవాడి కథ అక్కడితో ముగుస్తుంది, తెర నల్లబడుతుంది, బాధాకరమైన సంగీతం వస్తుంది. తన కోటను తనే కూల్చుకున్న రాజు అక్కడ లేడు. అతను కంచెను చూశాడు. ప్రెసిడెంటును చూశాడు. రాఘవయ్య పళ్ళు చూశాడు.

పళ్ళు చూశాక ఆగలేదు.

“జయము! జయము! ప్రాకారభంజనము!” అంటూ విరుచుకుపడ్డాడు. గేటు పట్టి లాగాడు, అది గడియతో సహా చేతికొచ్చింది. అడ్డచెక్కలు కాలితో తన్నాడు. సరుగుడు కర్రల్ని ఒక్కొక్కటిగా ఊపి, పెకలించి, తోటలోకి విసిరాడు. అరచేతులు తెల్లబడ్డాయి, మీసం తెల్లబడింది, ఒక చెవి తెల్లబడింది. కంత తెరుచుకుంటోంది. నడిమధ్యన ఒక్క గుంజ మిగిలింది. అది మేస్త్రీ సిమెంటు వేసి పాతినది. వీరుడు డొంకవైపు వీపు పెట్టి, కాళ్ళు ఎడం చేసి, పూర్తిగా ముందుకు వంగి, రెండు చేతులా దాన్ని పట్టి, ఊపిరి బిగబట్టి లాగసాగాడు.

ప్రెసిడెంటు వెనక్కి తిరిగి చూశాడు.

అతనికి ఎదురుగా, సరిగ్గా తన నుదురంత ఎత్తున, తెల్లని వృత్తం ఒకటి, ముందుకీ వెనక్కీ ఊగుతూ, ఢీకి రమ్మని సవాలు చేస్తోంది. పల్నాడునుంచి ఇంతవరకూ ఏ మందలోనూ ఇంత తెల్లని నుదురు, ఇంత పొగరుగా ఊగే నుదురు, ప్రెసిడెంటుకు ఎదురుపడలేదు. సుబాబుల్ కొమ్మ మరిచిపోయాడు. నాలుగడుగులు వెనక్కి వేశాడు. తల వంచాడు.

“బాబుగారూ, పక్కకి జరగండి!” హన్నా అరిచింది.

ఢాం!

గుంజ ఊడింది. గుంజతోపాటు వీరుడు కూడా లేచాడు. లేచినవాడు తోటలోకి మూడు గజాల దూరాన పడి, పడ్డ వేగంతోనే లేచి, వెనక్కి తిరిగి చూసి, ఏం చూశాడో గాని, పరుగందుకున్నాడు. వెనకే ప్రెసిడెంటు. ప్రెసిడెంటు వెనక ఆడగొర్రెలు. వాటి వెనక పిల్లలు. వాటి వెనక కుక్క. డొంకలో నిలిచిన మంద యావత్తూ, గట్టు తెగిన కాలువలా, తెరుచుకున్న ఆ విశాలద్వారంలోంచి వెంకాయమ్మ తోటలోకి ఉప్పొంగింది.

దీన్ని కొందరు పలాయనమంటారు. అన్యాయం. మంద ముందు నడిచేవాణ్ణి నాయకుడంటారు. మంద ముందు పరిగెత్తేవాణ్ణి ఇంకా పెద్ద నాయకుడని అనాలి.

“అమ్మోయ్! తప్పించండ్రోయ్!” అంటూ ఆ మహానాయకుడు బంగినపల్లి వరస దాటాడు, నీలితొట్టి మీదుగా గెంతబోయి అందులో ఒక కాలు ముంచాడు, రెండో వరసలోని చిన్నరసం చెట్టెక్కాడు. చిన్ననాటినుంచి ఎక్కని చెట్టు. ఎలా ఎక్కాడో అతనికీ తెలియదు. ప్రెసిడెంటు చెట్టు మొదలును ఒకసారి ఢీకొట్టాడు. పైకి చూశాడు. శత్రువు దిగడని రూఢి చేసుకుని, విజయగర్వంతో చెట్టు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, చల్లని నీడలో కూలబడ్డాడు.

అందరూ పరుగెత్తుకొచ్చారు. రాఘవయ్య కూడా వచ్చాడు, కొమ్మతో సహా.

“కూలబడింది గాని ఇంకా నెమరెయ్యలేదు!” అన్నాడు రొప్పుతూ. “కట్టుబాటు కట్టుబాటే. ఇప్పుడు లేచి ఇటు వస్తే మంద నాది.”

“రాఘవయ్యగారు చెప్పింది నిజమే” అన్నాడు చిన్నరాయప్ప.

రాఘవయ్య కొమ్మ మెల్లగా ఊపాడు. వెంకాయమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. చెట్టుకొమ్మ మీద లక్ష్మీనరసింహారావు, ఎనామిల్ మీసం వణుకుతుండగా, కింద ఆ దవడవంక చూస్తున్నాడు. తన జీవితంలో ఏ తెరనూ అంత ఏకాగ్రతతో చూడలేదు. ప్రెసిడెంటు కొమ్మను చూశాడు. ముక్కుపుటాలు కదిలాయి. ముందరి కాలు ఒకటి లేపబోయాడు.

లేపలేదు. మెడలో ఏదో ముద్ద కిందినుంచి పైకి పాకింది. దవడ ఎడమకు కదిలింది. ఆగింది. కుడికి కదిలింది. మళ్ళీ ఎడమకు.

“నెమరు!” అంది హన్నా.

రాఘవయ్య కొమ్మ కింద పారేశాడు. “ఏమైనా గాని బావా” అన్నాడు పైకి చూస్తూ, “ఆ పరుగు మాత్రం నేను పాతికేళ్ళప్పుడు కూడా పెట్టలేదు.”

సరిగ్గా అప్పుడే, ప్రెసిడెంటు పక్కన నిలబడ్డ ఒక ముసలి గొర్రె, ఈ చరిత్రాత్మక ఘట్టంతో తనకు సంబంధం లేనట్టు ఎటో చూస్తూ, తోక ఒకసారి కదిపింది. రెండేళ్ళుగా ఎదురుచూసిన ఆ ఎర్రమట్టి మీద టపటపా రాలాయి. నల్లనివి, నున్ననివి, శనగగింజలంత పెంటికలు. ఏ ఆటలోనూ ఇంతవరకూ ఏ గొర్రే చేయని పని అది. ఆటలు తయారుచేసినవారెవరికీ అది తోచలేదు.

వెంకాయమ్మ వంగి చూసింది. కళ్ళు చెమర్చాయి. “కౌలు మాట ఇక ఎత్తను” అంది. “దిగు.”

“అది పోతే దిగుతా.”

“అదెక్కడికి పోతుందిరా, పొద్దున్న దాకా ఇక్కడే. రేపు వల పక్క వరసకు మారుతుంది. ఎల్లుండి ఆ అవతలకి.”

“బాబుగారైతే ఇబ్బంది లేదమ్మా” అన్నాడు చిన్నరాయప్ప వల విప్పుతూ. “ప్రెసిడెంటు ఇంకెవురి ఎనకాలా ఇట్టా రాలా. రేపు ఈ ఏళకే ముందు నడిస్తే చాలు. ఆ పంచె మాత్రం ఉతకొద్దు.”

అలా, ఆషాఢ సాయంసంధ్యారుణకాంతులు మామిడాకుల మీద మెరుస్తుండగా, స్వప్రాకారభంజకుడు, మేషేంద్రమదాకర్షకుడు, చిన్నరసశాఖాసీనుడు అయిన లక్ష్మీనరసింహారావు, ఒక చేత్తో కొమ్మను, ఒక చేత్తో పంచెను పట్టుకుని, ఎనిమిదెకరాల తోటకూ, నాలుగు దిక్కులకూ, కింద నవ్వుతున్న బావకూ వినబడేలా లోకానికి చాటాడు:

“వినుడు! వినుడు! మన తోటలో... గుప్పెడు పెంటికలు... పడినవి!”